ఈస్ట్‌బోర్నా, న్యూపోర్టా? ఒకే ఏడాది పుట్టిన రెండు గ్రాస్ కోర్టు టోర్నీల్లో ఏది మేలు?

ఏడాదిలో టూర్ (అగ్రశ్రేణి ప్రొఫెషనల్ టోర్నీల వరస) స్థాయి టెన్నిస్ పచ్చిక మీద నడిచేది మహా అయితే ఆరు వారాలు. అందులో రెండు వారాలు వింబుల్డన్‌వే. మిగిలిన నాలుగు వారాలను చిన్నా పెద్దా టోర్నీలు పంచుకుంటూ వచ్చాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైనవి రెండు: ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఈస్ట్‌బోర్న్, అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్. రెండూ సముద్రం పక్కనున్న చిన్న ఊళ్లు. రెండు చోట్లా పోటీలు మొదలైంది 1881లోనే. వింబుల్డన్ పుట్టి అప్పటికి నాలుగేళ్లే. ఈస్ట్‌బోర్న్‌లోని డెవన్‌షర్ పార్క్‌లో ‘సౌత్ ఆఫ్ ఇంగ్లండ్ ఛాంపియన్‌షిప్స్’ మొదలైతే, న్యూపోర్ట్ క్యాసినో పచ్చిక మీద అమెరికా మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ జరిగింది. విచిత్రం ఏమిటంటే, ఈ రెండింటికీ 2025లోనే హోదా తగ్గింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వీటి చరిత్రను నడిపించింది డబ్బో, స్టేడియమో కాదనిపిస్తుంది. క్యాలెండర్‌లో ఏ వారం దక్కిందన్నదే అసలు విషయం. ఆధునిక టూర్‌లో ఈస్ట్‌బోర్న్‌కు వింబుల్డన్‌కు సరిగ్గా ముందు వారం వచ్చింది. న్యూపోర్ట్‌కు వింబుల్డన్ ముగిసిన మర్నాడు మొదలయ్యే వారం మిగిలింది. మిగతా తేడాలన్నీ దాదాపు అక్కడినుంచే పుట్టాయి.

ముందుగా ఈస్ట్‌బోర్న్. ఇప్పుడు మనం చూస్తున్న టోర్నీ 1970ల మధ్యలో మహిళల పోటీగా స్థిరపడింది. వింబుల్డన్‌కు వారం ముందు మంచి పచ్చిక మీద, లండన్ హడావుడికి దూరంగా నాలుగైదు మ్యాచ్‌లు దొరుకుతాయంటే ఏ క్రీడాకారిణి వద్దంటుంది? అందుకే డ్రా (బరిలో దిగేవాళ్ల జాబితా) ఎప్పుడూ బలంగా ఉండేది. విజేతల జాబితా చదువుతుంటే మార్టినా నవ్రతిలోవా పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. ఇక్కడ ఆమె సింగిల్స్ టైటిల్ 11 సార్లు గెలిచింది. 1978లో ఫైనల్లో క్రిస్ ఎవర్ట్‌ను మూడు సెట్లలో ఓడించి, కొద్ది రోజులకే వింబుల్డన్ ఫైనల్లో మళ్లీ ఆమెనే ఓడించి తన మొదటి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ అందుకుంది. ఒకే ఏడాది ఈస్ట్‌బోర్న్, వింబుల్డన్ రెండూ ఆమెకు దక్కిన సందర్భాలు ఏడు. 1987లో మాత్రం ఇక్కడ హెలెనా సుకోవా చేతిలో ఫైనల్ ఓడిపోయి, వింబుల్డన్ గెలిచింది. 1998లో యానా నొవోత్నా కూడా ముందు ఇక్కడ గెలిచి, ఆ తర్వాతే ఎన్నో ఏళ్లుగా చేజారుతున్న వింబుల్డన్ కప్పును పట్టుకుంది.

గాయాల నుంచి, జబ్బుల నుంచి తిరిగొచ్చేవాళ్లకు కూడా ఈ వారం ఎంతో మేలు చేసింది. దాదాపు ఏడాది పాటు ఆటకు దూరమైన సెరెనా విలియమ్స్ 2011 జూన్‌లో మళ్లీ రాకెట్ పట్టింది ఇక్కడే. 2022లో ఇంకోసారి ఏడాది విరామం తర్వాత ఆన్స్ జాబర్‌తో కలిసి డబుల్స్ ఆడుతూ తిరిగొచ్చిందీ ఇక్కడికే. వింబుల్డన్‌కు ముందు టోర్నీలు ఆడటం మానేసిన జకోవిచ్, ఫామ్ కోసం వెతుక్కుంటున్న 2017లో ఇక్కడికొచ్చి టైటిల్ గెలుచుకుని వెళ్లాడు. పురుషుల పోటీ 2009లో చేరింది, రెండేళ్లు నాటింగ్‌హామ్‌కు వెళ్లి 2017లో తిరిగొచ్చింది. టేలర్ ఫ్రిట్జ్ ఒక్కడే దాన్ని నాలుగు సార్లు గెలిచాడు.

ఇన్ని మంచి మాటలు చెప్పాక ఈస్ట్‌బోర్న్‌తో నాకున్న బాధ కూడా చెప్పాలి. శనివారం ఫైనల్ ముగిస్తే సోమవారం వింబుల్డన్ మొదలు. అందుకే బాగా ఆడుతున్నవాళ్లకే ఈ టోర్నీ టెన్షన్ పెడుతుంది. సెమీస్ దాకా వచ్చిన క్రీడాకారిణి తొడ కాస్త పట్టేసినా తప్పుకుంటుంది. ఆమెను తప్పుపట్టలేం, ఎవరైనా అదే చేస్తారు. కానీ టికెట్ కొనుక్కుని, సముద్రపు గాలికి ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుల సంగతేమిటి? ఈ టోర్నీని ఎంత ప్రేమించినా, మనం చూసేది ఇంకో టోర్నీకి జరుగుతున్న తయారీ అన్న భావన పూర్తిగా పోదు. 2011 ఫైనల్లో పెట్రా క్విటోవా ఇక్కడ మరియన్ బార్టోలీ చేతిలో ఓడి, రెండు వారాలకు వింబుల్డన్ గెలిచింది. ఆ ఏడాది ఈస్ట్‌బోర్న్ విజేత ఎవరని అడిగితే చెప్పగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు?

న్యూపోర్ట్ కథ వేరు. అక్కడ ముందు చెప్పుకోవాల్సింది ఆ స్థలం గురించి. క్యాసినో అనగానే జూదశాల అనుకుంటాం గానీ, ఆ రోజుల్లో ఆ మాటకు నలుగురూ చేరి సరదాగా కాలక్షేపం చేసే చోటు అనే అర్థం. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక యజమాని జేమ్స్ గోర్డన్ బెనెట్ జూనియర్ దాన్ని కట్టించాడు. 1880లో తెరిచారు. చెక్క పెంకులు పరిచిన గోడలు, గుర్రపు నాడా ఆకారంలో వంపు తిరిగిన వరండా, మధ్యలో పచ్చిక. మరుసటి ఏడాది ఆగస్టులో అక్కడ జరిగిన జాతీయ ఛాంపియన్‌షిప్‌ను 19 ఏళ్ల రిచర్డ్ సియర్స్ గెలిచాడు. అదొక్కటే కాదు, 1887 దాకా వరసగా ఏడూ అతనే గెలిచాడు. ఈరోజు మనం యూఎస్ ఓపెన్ అంటున్నది ఈ పచ్చిక మీద పుట్టిందే.

ఆ పెద్ద టోర్నీ 1915లో న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌కు వెళ్లిపోయింది. ఆటకు జనం పెరిగారు, మహానగరం అవసరమైంది. ఇలాంటి దెబ్బ తగిలాక చాలా క్లబ్బులు మూతపడతాయి. న్యూపోర్ట్ మాత్రం ఆహ్వాన టోర్నీలతో ప్రాణం నిలుపుకుంది. మధ్యలో ఆ భవనాన్నే కూల్చేస్తారేమోనన్న పరిస్థితి వచ్చింది. జేమ్స్ వాన్ అలెన్ అనే ఆ ఊరి టెన్నిస్ ప్రేమికుడు పట్టుబట్టి 1954లో అక్కడ టెన్నిస్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టించాడు. ఒక టోర్నీని కాపాడటానికి ఆట మొత్తం జ్ఞాపకాలనూ తెచ్చి ఆ గోడల మధ్య పెట్టాడన్నమాట. ఇంతకంటే తెలివైన పని నాకు తోచదు.

వాన్ అలెన్ అక్కడితో ఆగలేదు. అదే 1954లో న్యూపోర్ట్‌లో హామ్ రిచర్డ్‌సన్, స్ట్రెయిట్ క్లార్క్ ఆడిన మ్యాచ్ ఐదు సెట్లు, 83 గేములు సాగింది. అప్పట్లో ఆరు ఆరు అయితే రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడుతూ పోవడమే. పచ్చిక మీద సర్వీస్ బ్రేక్ చేయడం, అంటే ఎదుటివాడు సర్వ్ చేసే గేమును గెలవడం కష్టం కాబట్టి సెట్ ఎప్పటికి తెమిలేదో ఎవరికీ తెలియదు. తర్వాతి మ్యాచ్ కోసం వచ్చినవాళ్లు అలా చూస్తూ ఉండాల్సిందే. దీనికి విరుగుడుగా ఆయన తనదైన స్కోరింగ్ పద్ధతి తయారుచేసి, 1965లో న్యూపోర్ట్‌లోనే ప్రొఫెషనల్ ఆటగాళ్లతో ఆడించి చూశాడు. దానిలోంచి వచ్చిందే, ఆరు ఆరు దగ్గర సెట్‌ను కొద్ది పాయింట్లతో తేల్చేసే టై బ్రేక్. 1970లో యూఎస్ ఓపెన్ దాన్ని తీసుకుంది. మొదట్లో అది ముందుగా ఐదు పాయింట్లు చేసినవాడు గెలిచే పద్ధతి, నాలుగు నాలుగు దగ్గర ఒకే ఒక్క పాయింట్‌తో సెట్ తేలిపోయేది. నేడు ప్రపంచమంతా ఆడుతున్న ఏడు పాయింట్ల టై బ్రేక్ ఆ తర్వాత స్థిరపడింది. ఈ ఒక్క విషయంలో ఈస్ట్‌బోర్న్ న్యూపోర్ట్‌కు దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇక పచ్చిక నాణ్యత అంటారా, అందులో ఈస్ట్‌బోర్న్‌దే పైచేయి. చల్లటి వాతావరణం, వింబుల్డన్‌ను పోలిన బౌన్స్. న్యూపోర్ట్‌లో బంతి బాగా కిందుగా జారుతుంది, ఒక్కోసారి లేవనే లేవదు. సర్వ్ చేసి నెట్ దగ్గరికి పరిగెత్తేవాళ్లకూ స్లైస్ కొట్టేవాళ్లకూ అది పండగ, బేస్‌లైన్ వెనక నిలబడి ఆడేవాళ్లకు చిరాకు. అయితే ఆ పచ్చిక మామూలు మనుషులకు కూడా అందుబాటులో ఉంది. డబ్బు కట్టి కోర్టు తీసుకుంటే సియర్స్ ఆడిన చోట మనమూ నాలుగు బంతులు కొట్టవచ్చు.

ఇప్పుడు మళ్లీ వారం సంగతికొద్దాం. వింబుల్డన్ అయిపోయాక పెద్ద ఆటగాళ్లు ఇంటికో, యూరప్‌లో మట్టి కోర్టులకో వెళ్లిపోతారు. గ్రాస్ కోర్టు ఆట కోసం అట్లాంటిక్ దాటి వచ్చేవాళ్లు కొద్దిమందే. కాబట్టి న్యూపోర్ట్‌లో పురుషుల డ్రా పలచగా ఉండేది. దీన్ని ఆ టోర్నీ బలహీనతగా ఎందరో రాశారు. నేను ఒప్పుకోను. ఆ పలచటి డ్రా వల్లే అక్కడ ఎన్నో తలుపులు తెరుచుకున్నాయి, వాటిలో మనవాళ్లకు తెరుచుకున్నవీ ఉన్నాయి.

విజయ్ అమృత్‌రాజ్ న్యూపోర్ట్ టైటిల్‌ను 1976లో, 1980లో, 1984లో మూడు సార్లు గెలిచాడు. లియాండర్ పేస్ జీవితం మొత్తంలో గెలిచిన ఏకైక ఏటీపీ (పురుషుల టూర్) సింగిల్స్ టైటిల్ 1998 న్యూపోర్ట్. ఫైనల్లో నెవిల్ గాడ్విన్‌ను ఓడించాడు, ఆ ఊపు తగ్గకముందే ఆగస్టులో న్యూ హేవెన్‌లో అమెరికా దిగ్గజం పీట్ సంప్రాస్‌ను కూడా ఓడించాడు. 2008లో విజయ్ కొడుకు ప్రకాశ్ అమృత్‌రాజ్ ఇదే పచ్చిక మీద ఫైనల్ చేరి ఫాబ్రిస్ సాంటోరో చేతిలో ఓడాడు. 2018లో రామ్‌కుమార్ రామనాథన్ ఫైనల్లో స్టీవ్ జాన్సన్‌తో మూడు సెట్లు పోరాడి ఓడాడు. 2011లో సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ తర్వాత ఒక భారతీయుడు ఏటీపీ సింగిల్స్ ఫైనల్ ఆడటం అదే మొదటిసారి. భారత సంతతికి చెందిన అమెరికన్ రాజీవ్ రామ్ కథ ఇంకా బాగుంటుంది. 2009లో అతను క్వాలిఫయింగ్‌లో ఓడి, ఎవరో తప్పుకుంటే లక్కీ లూజర్‌గా లోపలికొచ్చి ఏకంగా టైటిల్ గెలిచాడు. 2015లో మళ్లీ గెలిచాడు. ఈస్ట్‌బోర్న్ వారంలో, అంత బలమైన డ్రాలో ఇవన్నీ జరిగేవని నేననుకోను.

ఇంకో ముచ్చట కూడా ఉంది. న్యూపోర్ట్‌లో టాప్ సీడ్ (ర్యాంకును బట్టి డ్రాలో మొదటి స్థానం ఇచ్చిన ఆటగాడు) ఎన్నో ఏళ్లు గెలవలేకపోయాడు. దాన్ని క్యాసినో శాపం అనేవారు. 2011లో జాన్ ఇస్నర్ గెలిచి ఆ శాపం తీర్చాడు. ఆ తర్వాత అతను ఇంకో మూడు సార్లు గెలిచాడు.

పోలిక కోసం మరో రెండు పేర్లు కూడా తలుచుకోవాలి. లండన్‌లోని క్వీన్స్ క్లబ్, జర్మనీలోని హాలె. హోదాలో ఈ రెండూ మన జంటకంటే పెద్దవి. 1993లో మొదలైన హాలె ముడుచుకునే పైకప్పుతో, ఫెదరర్ 10 టైటిళ్లతో ఎంతో ఎత్తుకు వెళ్లింది. డబ్బు, ఏర్పాట్లు చూసి ఎంచుకునేవాళ్లకు అదే మేలు. నేను చూస్తున్నది మాత్రం చరిత్ర బరువు, అందుకే వాటిని పక్కన పెట్టాను. అయితే ఈస్ట్‌బోర్న్‌ను కిందికి లాగింది ఆ క్వీన్సే. 1973 తర్వాత ఆగిపోయిన మహిళల పోటీ 2025లో క్వీన్స్‌లో 500 స్థాయిలో (విజేతకు 500 ర్యాంకింగ్ పాయింట్లు వచ్చే స్థాయి) మళ్లీ మొదలైంది. దాంతో ఈస్ట్‌బోర్న్ మహిళల టోర్నీ 500 నుంచి 250కి దిగిపోయింది. నవ్రతిలోవా 11 సార్లు గెలిచిన చోటికి ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. న్యూపోర్ట్ పరిస్థితి ఇంకా కష్టం. 2024తో ఏటీపీ టూర్ టోర్నీగా దాని ప్రయాణం ముగిసింది. 2025లో టూర్‌కు ఒక మెట్టు కిందుండే ఛాలెంజర్ 125గా మారింది, పక్కనే మహిళల 125 పోటీ చేరింది. ఒకప్పుడు విజేతకు 250 ర్యాంకింగ్ పాయింట్లు ఇచ్చిన టోర్నీ ఇప్పుడు 125 ఇస్తుంది.

కాబట్టి ఏది మేలు? ఆటగాడి స్థానంలో నిలబడి చూస్తే సందేహం లేదు, ఈస్ట్‌బోర్నే. మంచి పచ్చిక, గట్టి ప్రత్యర్థులు, ఎక్కువ పాయింట్లు, ఎదురుగా వింబుల్డన్. ఆట స్థాయిని చూసేవాళ్లకు కూడా అదే. ఈ ఏడాది ఒక్క టోర్నీకి వెళ్లగలిగే వీలుంటే, మంచి టెన్నిస్ కావాలంటే, అక్కడికే వెళ్లండి.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం న్యూపోర్ట్ అంటాను. అది ఇంకో టోర్నీ కోసం చేసే తయారీ కాదు. దాని తర్వాత పచ్చిక మీద టూర్‌లో ఇంకేమీ లేదు. ఆ వారం అక్కడ ఆడేవాళ్లు ఆ కప్పు కోసమే ఆడతారు. గెలిచినవాడికి దాచుకోవడానికి, ఓడినవాడికి ఏడవడానికి అదే ఉంటుంది. హోదా తగ్గినా ఈ ఒక్క గుణం దాని నుంచి పోదు.

టూర్ టోర్నీగా దాని చివరి వారం ఎలా ముగిసిందో చూడండి. 2024 జూలై 20, శనివారం. ఆ మర్నాడు ఫైనల్, దాన్ని మార్కోస్ గిరోన్ గెలిచాడు. ఆ శనివారం మాత్రం క్యాసినో ఆవరణలో హాల్ ఆఫ్ ఫేమ్ వేడుక జరిగింది. ఆ గౌరవం అందుకున్న మొదటి ఆసియా పురుషులుగా ఇద్దరు నిలబడ్డారు. ఒకరు ఆ పచ్చిక మీద మూడు సార్లు గెలిచిన విజయ్ అమృత్‌రాజ్. రెండోవాడు తన ఒకే ఒక్క సింగిల్స్ టైటిల్‌ను అక్కడే గెలిచిన లియాండర్ పేస్.