మా కొర్లగుంట డాక్టర్ సార్: 21 ఏళ్ల వాడకం తర్వాత

డాక్టర్‌కి కూడా రివ్యూ రాస్తారా అని మా ఆవిడ నవ్వింది. మిక్సీకి రాసినవాణ్ణి, 21 ఏళ్లు చూపించుకున్న మనిషికి రాయకూడదా?

మాది తిరుపతి, కొర్లగుంట. రెండు వీధుల అవతల సార్ క్లినిక్. ఏసీ లేదు, అపాయింట్‌మెంట్ లేదు. కాంపౌండర్ ఇచ్చే అట్టముక్కే టోకెన్. ఆరింటికి వెళ్తే ఎనిమిదింటికి పిలుపు. ఆయన చేతిరాత పక్కనున్న మెడికల్ షాపాయనకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అయితే ఊరికే టెస్టులు రాసేవారు కాదు.

అమ్మకి షుగర్ అని తేలిన రోజు, సంగటి తినొచ్చా సార్ అని అడిగింది. "రాగులైనా పిండే కదమ్మా. ముద్ద ఎంత చేస్తావో చూపించు" అన్నారు. అమ్మ రెండు దోసిళ్లూ కలిపి చూపించింది. ఆయన ఒక చేతిని పట్టుకుని పక్కకి జరిపేశారు. "ఇంత. ఆకుకూర ఎంతైనా తిను."

ఇంకోసారి బీపీకి ఆమ్లోడిపిన్ 5 నుంచి 10కి పెంచాక అమ్మ పాదాలు వాచాయి. కిడ్నీలేమో అని మాకు టెన్షన్. సార్ వేలితో నొక్కి చూసి, ఒక్క మూత్రపరీక్ష చేయించి, మాత్ర వల్లే అని డోసు తగ్గించి, ఇంకో మందు కలిపారు. వాపు దిగిపోయింది.

పోయిన ఏడాది షట్టర్ మీద కాగితం అంటించారు, నెలాఖరు నుంచి క్లినిక్ ఉండదని. చేయి వణుకుతోందట. ఇన్నేళ్లవాళ్లకి నోటితో చెప్పొచ్చు కదా అని కోపమొచ్చింది. అందుకే ఐదుకి నాలుగున్నరే ఇస్తున్నా. చివరి రోజు అమ్మకి బీపీ చూసి ఫీజు తీసుకోలేదు. ఆ హడావుడిలో పాత వివరాలు రాయించుకోవడం మరిచాను.

అమ్మకి సల్ఫా మందులు పడవు. ఒకప్పుడు సెప్ట్రాన్ వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు. అది సార్ తలలో ఉంది, కాగితం మీద లేదు. కొత్తగా వెళ్లిన చోట మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి సరిగ్గా అదే రాశారు, అలర్జీలేమైనా ఉన్నాయా అని అడగలేదు. నాకూ గుర్తు రాలేదు. చీటీ చూసి మెడికల్ షాపాయనే ఆపాడు: "అమ్మకి ఇది పడదు కదన్నా!"

తర్వాత వాకబు చేస్తే తెలిసింది. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం ఆస్పత్రిలో చేరినవాళ్ల రికార్డులు మూడేళ్లు దాచాలి, రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. చీటీ మీద మందు రాయించుకుని వచ్చేసే మాలాంటివాళ్లకి ఆ మూడేళ్ల లెక్క లేదు.

రెండొందల పేజీల నోట్‌బుక్ కొని సార్ ఇంటికే వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని గంటసేపు రాశారు. సల్ఫా పడదని మాత్రం ఎర్రపెన్నుతో, పేజీ నిండా. ఈసారి అక్షరాలు నాకే అర్థమయ్యాయి.