ఇంకో వాయిద్యం కొనాలా, ఉన్నదాన్నే బాగు చేయించుకోవాలా: ఏది మేలు?

సరదాకి సంగీతం నేర్చుకునేవాళ్ళ ఇంట్లో వాయిద్యం ఒక్కదానితో ఆగడం అరుదు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసే వేణువు విద్యార్థి దగ్గర కొన్నేళ్ళు తిరిగేసరికి సంచి నిండా వేణువులుంటాయి, వీణ ఉన్నావిడ ఒకే దుంగలో తొలిచిన ఏకాండి వీణ మీద మనసు పడుతుంది, గిటార్ ఉన్న కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్ ధరలు చూస్తూ అర్ధరాత్రి దాకా మేలుకుంటాడు. అందరి దగ్గరా ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. అవన్నీ సాకులే అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. అన్నీ అవసరాలే అనేవాళ్ళతోనూ ఒప్పుకోను. నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు చేతిలో ఉన్న వాయిద్యం పూర్తిగా బాగున్నప్పుడు కూడా చేయలేని పని ఏదో చెప్పగలరా? చెప్పగలిగితే నిశ్చింతగా కొనండి. చెప్పలేకపోతే ముందు ఉన్నదాన్ని రిపేరు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఈ ప్రశ్నకి అందరికన్నా గట్టిగా జవాబు చెప్పగలిగేది వేణువు వాయించేవాళ్ళు. వేణువుకి శ్రుతి సర్దుకోవడానికి తిప్పే బిరడలు లేవు. వెదురు పొడవు, లోపలి బోలు, రంధ్రాల దూరం అన్నీ కలిసి దాని షడ్జమాన్ని, అంటే 'స' స్వరాన్ని, తయారైన రోజే ఖాయం చేసేస్తాయి. ఆ 'స' ఎంత ఎత్తులో ఉందో చెప్పేదే శ్రుతి, దాన్ని అంకెలతో చెబుతారు. ఊదే కోణం మార్చి కాస్త పైకీ కిందికీ జరపొచ్చు గానీ ఐదో శ్రుతి వేణువు ఎంత బతిమాలినా రెండో శ్రుతి అవదు. ఇంట్లో ఒక్కరే వాయించుకున్నంత కాలం ఏ శ్రుతైనా ఒకటే, కానీ గుళ్ళో భజనకి కూర్చున్నా, పాడేవాళ్ళు "మాతో వాయించండి" అని పిలిచినా అప్పుడు సంగతి వేరు. మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల దగ్గర పాడతారు, ఆడవాళ్ళు నాలుగున్నర, ఐదు, ఐదున్నర దగ్గర. మధ్యమాన్ని ('మ' స్వరాన్ని) షడ్జమంగా పెట్టుకుంటే ఐదో శ్రుతి వేణువు మీదే ఒకటో శ్రుతి వస్తుంది కదా అని కొందరంటారు, నిజమే, వస్తుంది. సినిమా పాటలకి అది చాలు కూడా. కీర్తనకి మాత్రం సరిపోదు, ఎందుకంటే నేర్చుకున్న గమకాల (స్వరాన్ని ఊపి పలికించే పద్ధతుల) వేళ్ళన్నీ తారుమారవుతాయి, పై స్థాయిలో అందే స్వరాలు తగ్గిపోతాయి. అందుకే ఇతరులతో వాయించేవాళ్ళకి మూడు నాలుగు శ్రుతుల వేణువులు ఉండటం న్యాయమే అంటాను. పన్నెండు శ్రుతులకీ పన్నెండు వేణువుల సెట్టు ఒకేసారి కొనడం మాత్రం తొందరపాటు, అందులో సగం ఎప్పటికీ బయటికి రావు. ఎవరితో వాయించబోతున్నారో వాళ్ళ శ్రుతి కనుక్కుని ఆ ఒక్కటీ కొనుక్కోండి. ఇక అదే శ్రుతిలో రెండోది, "దీని నాదం ఇంకా బాగుంది" అని? మొదటిది పగిలితే తప్ప అవసరం లేదు. ఆ పగులు కూడా సన్నదైతే దారం గట్టిగా చుట్టి జిగురు పెడితే చాలాకాలం నిలుస్తుంది.

మృదంగానికీ ఇదే కారణం ఉంది, కాకపోతే ఇక్కడ ఖర్చూ బరువూ రెండూ పెరుగుతాయి. తగ్గు శ్రుతిది ఒకటి, హెచ్చు శ్రుతిది ఒకటి అని రెండు రకాలు ఊరికే రాలేదు. అంచు మీద రాయితో, కర్ర ముక్కతో కొట్టి శ్రుతి సర్దుకోవచ్చు గానీ దానికి ఒక హద్దుంది, ఆ హద్దు దాటి బిగిస్తే చర్మపు మూత చిరుగుతుంది, దాటి వదిలేస్తే నాదం చప్పబడుతుంది. కచేరీలు చేసేవాళ్ళకి రెండూ కావాలి. సరదాకి వాయించేవాళ్ళు మాత్రం ముందు తమ పక్కన పాడేదెవరో చూసుకోవాలి. కాలనీలో సంగీతం క్లాసు పిల్లలకీ, ఆడవాళ్ళకీ వాయిస్తున్నారా, హెచ్చు శ్రుతి మృదంగం ఒక్కటి చాలు. ఇంకో మాట, "ఇది సరిగ్గా పలకడం లేదు, ఇంకోటి కొనాలి" అనేవాళ్ళలో చాలామంది మృదంగాలకి కుడివైపు మూత మీది నల్లటి పూత, కరణి, రాలిపోయో, మూత అరిగిపోయో ఉంటుంది. మూత మార్పిస్తే అదే కర్ర మళ్ళీ పలుకుతుంది.

వయొలిన్‌కి శ్రుతి కారణం పెద్దగా వర్తించదు. బిరడలు తిప్పి పాడేవాళ్ళ షడ్జమానికి సర్దుకునే వాయిద్యం అది. కొత్త వయొలిన్ కావాలనిపించినప్పుడు ముందు తీగలు మార్చి, బో జుట్టు మార్పించి, తీగల్ని మోసే గుర్రం (బ్రిడ్జి) సరిగ్గా నిలబడిందో లేదో తెలిసినవాళ్ళకి చూపించండి. ఆ తర్వాత కూడా నచ్చకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. పిల్లల వయొలిన్ సంగతి వేరు, చేతులు పెరిగే కొద్దీ పావు, అర, ముప్పావు సైజులు దాటి ఫుల్ సైజుకి రావాలి కాబట్టి కొనక తప్పదు. అక్కడ సెకండ్ హ్యాండే మేలు, పైగా అదే క్లాసులో పెద్దయిపోయిన పిల్లలవి ఎప్పుడూ దొరుకుతాయి. తనకి కావలసిన వాయిద్యాన్ని "పిల్లల కోసం" అని కొనే అలవాటు మాత్రం నాకు నచ్చదు. పిల్ల నేర్చుకోనంటే ఆ కోపం పిల్ల మీదికే పోతుంది.

వీణ దగ్గరికొస్తే నా తీర్పు వేణువుకి ఇచ్చినదానికి పూర్తిగా తిరగబడుతుంది. ఇంట్లో వీణ వాయించుకునేవాళ్ళు ఎక్కువగా ఒక్కరే వాయిస్తారు, ఆ శ్రుతి మన ఇష్టం. కాబట్టి శ్రుతి పేరు చెప్పి రెండో వీణ కొనడానికి లేదు. మరి రెండో వీణ ఆలోచన ఎందుకొస్తుంది? నేను చూసినంతలో ముప్పాతిక మందికి కారణం ఒక్కటే, ఉన్న వీణ నాదం పోయింది. వీణకి 24 మెట్లు, స్థాయికి 12 చొప్పున. ఆ మెట్లు నల్ల మైనం మీద నిలబడి ఉంటాయి. సాధన చేసే కొద్దీ తీగ రాపిడికి మెట్ల మీద గాళ్ళు పడతాయి, ఎండాకాలం మైనం మెత్తబడి మెట్లు వెంట్రుకవాసి జరుగుతాయి, మధ్యస్థాయిలో సరిగ్గా ఉన్న గాంధారం పైస్థాయిలో తేడాగా పలుకుతుంది. గుర్రం మీది లోహపు రేకుకి గాడి పడితే గరగర మొదలవుతుంది. ఇవన్నీ ఒక్కసారిగా రావు, మెల్లమెల్లగా వస్తాయి కాబట్టి వాయించేవాళ్ళకి తెలియదు. "నాకే చేతకావడం లేదేమో" అని కొన్నాళ్ళు, "ఈ వీణే అంత" అని కొన్నాళ్ళు అనుకుని, చివరికి కొత్తది చూడటం మొదలుపెడతారు.

దానికి చేయించాల్సింది మేళం. పాత మైనం తీసేసి, మెట్లు సాపు చేసి, కొత్త మైనం మీద ఒక్కో మెట్టునీ చెవితో పట్టి దాని స్థానంలో కూర్చోబెడతారు. దాంతో పాటు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే వాయించే తీగలు నాలుగూ, తాళానికి వేసే మూడు తీగలూ కొత్తవి వేయించి, గుర్రం రేకు సరిచేయిస్తే, ఆ వీణని ఇంటికి తెచ్చుకుని వాయించినప్పుడు ఇదేనా మనది అనిపిస్తుంది. ఖర్చు కొత్త వీణ ధరలో చిన్న వంతు. మేళం చేయించకుండా రెండో వీణ కొన్నవాళ్ళకి కొన్నేళ్ళకి మేళం కావలసిన వీణలు రెండవుతాయి.

ఏకాండి వీణ కావాలనేవాళ్ళ మాట విడిగా చూడాలి, ఎందుకంటే వాళ్ళ దగ్గర కాస్త బలమైన వాదన ఉంది. గుండ్రటి కుండ, పొడవాటి దండి అంతా ఒకే పనస దుంగలో తొలిచి చేసింది ఏకాండి, విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు తరాలుగా చేస్తున్న పని అది. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అతుకు లేదు కాబట్టి తీగ కంపనం కర్రంతా ఆగకుండా పాకుతుందని, వాతావరణం మారినప్పుడు అతుకు విడిపోయే భయం లేదని అంటారు. రెండోది కచ్చితంగా నిజం. మొదటిది కూడా కొంత నిజమే, కానీ నా చెవికి ఏకాండికీ అతుకుల వీణకీ ఉన్న తేడా కన్నా మంచి మేళానికీ పాడైన మేళానికీ ఉన్న తేడా చాలా పెద్దది. మొదటి వీణే కొంటున్నవాళ్ళు, డబ్బుకి ఇబ్బంది లేనివాళ్ళు ఏకాండి తీసుకోవడం మంచి పనే. ఇంట్లో బాగున్న అతుకుల వీణ పెట్టుకుని ఏకాండి కోసం అప్పు చేయొద్దు.

"మనం కొంటేనే కదా ఆ చేతిపనివాళ్ళు బతుకుతారు" అనే కారణాన్ని నేను అన్నిటికన్నా గౌరవిస్తాను, అందుకే దాన్ని కాస్త లోతుగా ఆలోచించమంటాను. బొబ్బిలిలో ఇవాళ బహుమతులకిచ్చే బుల్లి వీణల అమ్మకాలు బాగా ఉన్నాయి, షోకేసులో పెట్టుకునేవి. వాటిలో చెక్కడం పనుంది గానీ మెట్లు శ్రుతికి కూర్చోబెట్టే పని ఉండదు. వీణ తయారీలో అందరికన్నా కష్టపడి నేర్చుకునేది ఆ చెవి పని, అది వాయించే వీణల వల్లే బతుకుతుంది, మేళం చేయించుకునేవాళ్ళ వల్ల ఇంకా ఎక్కువ బతుకుతుంది. కొత్త వీణ ఒక కుటుంబం జీవితంలో ఒకసారి కొంటుంది, మేళానికైతే మళ్ళీ మళ్ళీ వస్తారు. కాబట్టి వాళ్ళకి మేలు చేయాలన్నదే కారణమైతే బొబ్బిలికో, వీణలు చేసే ఇంకో ఊరు నూజివీడుకో మీ పాత వీణ తీసుకెళ్ళి, వాళ్ళడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి.

ఇందులో ఒక మినహాయింపుంది, విదేశాల్లో ఉన్న మనవాళ్ళు. అమెరికాలో చలికాలం ఇంట్లో హీటరు నడిచినన్నాళ్ళూ గాలి పొడిబారి ఉంటుంది, కర్రకీ మైనానికీ అది పడదు, పైగా మేళం చేసేవాళ్ళు పక్క వీధిలో దొరకరు. ఉన్న ఒక్క వీణా ఇండియాకి పంపితే నెలల తరబడి సాధన ఆగిపోతుంది. అక్కడుండేవాళ్ళకి రెండో వీణ, వీలైతే విడదీసి పెట్టెలో పెట్టుకునే రకం, నిజమైన అవసరం. డల్లాస్‌లో ఉన్న బంధువు రెండోది కొంటానంటే కొనుక్కోమనే చెబుతాను, హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు కొంటానంటే మేళం సంగతి అడుగుతాను.

కొనడానికీ రిపేరుకీ మధ్య ఇంకో దారి కూడా ఉంది, ఉన్నదాన్ని మన సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ చేసింది అదే. మాండొలిన్‌కి మామూలుగా జంట తీగలుంటాయి, వాటితో గమకం సాగదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని ఒంటి తీగలు వేసుకుని, కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చుకుని, అంత చిన్న వాయిద్యం మీద కర్ణాటక సంగీతమంతా వినిపించారు. గిటార్ వాళ్ళు ఈ దారి ముందు ప్రయత్నించాలి. అకౌస్టిక్ గిటార్ మీద లావు స్టీలు తీగలతో గమకం లాగడం వేళ్ళకి శిక్షే, కానీ సన్నటి తీగలు వేయించి, తీగల ఎత్తు తగ్గించి సెటప్ చేయిస్తే సగం కష్టం పోతుంది. మిగిలిన సగం కోసం ఎలక్ట్రిక్ గిటార్ కొంటే అది సరైన కొనుగోలే, తీగని పక్కకి లాగి స్వరం ఊపడంలో దానికి అకౌస్టిక్ సాటిరాదు. అదే కుర్రాడు రెండో అకౌస్టిక్ కొంటానంటే మాత్రం కారణం ఏమిటో అడగాలి.

ఫ్లాట్‌లో పక్కింటివాళ్ళకి ఇబ్బందని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించే కీబోర్డ్ కొనడం కూడా ఒక కారణమే. పాట నేర్చుకునేవాళ్ళకి స్వరస్థానాలు చూసుకోవడానికి పనికొస్తుంది, గమకానికి పనికిరాదు. ఎలక్ట్రానిక్ తంబురా పెట్టె గురించి నాకంత పట్టుదల లేదు, ఫోన్లో తంబురా పెట్టుకుని ఓ మంచి స్పీకరుకి కలిపితే ఇంట్లో సాధనకి హాయిగా సరిపోతుంది. "తర్వాత అమ్ముకోవచ్చు, డబ్బు ఎక్కడికీ పోదు" అనే మాట కూడా మన వాయిద్యాల విషయంలో నమ్మకండి. పాత వీణలు, మృదంగాలు చాలావరకు ఎవరో ఒకరికి ఊరికే ఇచ్చేయడమే జరుగుతుంది.

ఇవేవీ లేకుండా, కేవలం ఇష్టం మీద కొంటామంటే? కొనండి. "దాని నాదం విన్నాను, నాకు కావాలి" అని ఇంట్లో సూటిగా చెప్పి కొనుక్కోవడం, శ్రుతి పేరో పిల్లల పేరో పెట్టి కొనడం కన్నా వెయ్యి రెట్లు మేలు. "ఏమండీ, ఉన్నది వాయించండి ముందు" అనే మాట వస్తుంది, రానివ్వండి, ఆ మాటలో నిజముంది. ఒక్క షరతు, కొత్తది వచ్చాక పాతది అటక ఎక్కకూడదు. వాయించని వీణ తీగలు తుప్పు పడతాయి. ఎడమవైపు మూతకి వాయించేముందు అంటించే రవ్వ ముద్ద గీకకుండా వదిలేసిన మృదంగానికి ఎలుకలు వస్తాయి, చర్మం కొరికేస్తాయి. వెదురు ఎండిపోయి పగులుతుంది. రెండిటికీ సాధనలో చోటివ్వలేకపోతే పాతదాన్ని సంగీతం టీచరుగారి ద్వారా కొత్తగా చేరిన పిల్లలెవరికైనా ఇచ్చేయండి. అది వీణ అయితే ఇచ్చే ముందు ఆ మేళం డబ్బులేవో మీరే పెట్టి సరిచేయించి ఇవ్వండి, జరిగిపోయిన మెట్ల మీద మొదలుపెట్టిన పిల్లల చెవికి ఆ తప్పు గాంధారమే సరైనదిగా నాటుకుపోతుంది, దాన్ని తర్వాత మాన్పించడం టీచరుగారికి చాలా కష్టం.