తడి చెత్త ఎవరికి: కుడితి తొట్టికా, డ్రమ్ముకా, బండికా?

తిరుపతి చుట్టూ కొత్తగా లేచిన కాలనీల్లో, అవిలాల వైపైనా, తిరుచానూరు వైపైనా, కరకంబాడి దారిలోనైనా, చెత్త గురించి మాట మొదలైతే అది తడి చెత్త దగ్గరే ఆగుతుంది. పాత పేపర్లు, ఇనుము కొనేవాళ్లు ఎలాగూ వస్తారు. కూరగాయల తొక్కలు, వాడిన పూలు, నిన్నటి సాంబారు ఎక్కడికి పోవాలన్నదే చిక్కు. నలుగురున్న ఇంట్లో ఇది రోజుకు కిలోకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దీనికి నాలుగు దారులున్నాయి: పెరట్లో గుంత, పక్క వీధిలో ఆవు, మిద్దె మీద డ్రమ్ము, పొద్దున్నే వచ్చే బండి. నాలుగూ సమానమేనని చెబితే ఎవరికీ కోపం రాదు గానీ, అది నిజం కాదు.

గుంతను ముందే పక్కన పెట్టేస్తాను. పెద్దవాళ్లకు అదంటే మక్కువ, ఊళ్లో పెంటదిబ్బ చూసి పెరిగినవాళ్లు మరి. కానీ అక్కడ ఇంటికీ దిబ్బకూ మధ్య దూరం ఉండేది. చెత్తతో పాటు పేడ, గడ్డి, బూడిద పడేవి. ముప్పై అంకణాల చిన్న స్థలంలో ఇల్లు కట్టాక మిగిలే పెరట్లో గుంత తవ్వితే ఒక పక్క వంటింటి కిటికీ, ఇంకో పక్క బోరు. పైగా మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో నగర వీధులే కాలువలైన సంగతి ఎవరూ మరచిపోలేదు. నీళ్లు నిండిన గుంతలో గాలి ఆడదు. గాలి ఆడని చోట చెత్త ఎరువు కాదు, కుళ్లుతుంది. అరెకరం తోట ఉన్నవాళ్ల సంగతి వేరు.

ఇక కుడితి తొట్టి. పాడి ఆవులున్న ఇళ్లు శివారు కాలనీల్లో ఇంకా కనిపిస్తాయి. నడిచి వెళ్లేంత దూరంలో అలాంటి ఇల్లుంటే దాన్ని మించిన దారి లేదని నా అభిప్రాయం. బియ్యం కడుగు, గంజి, అరటి తొక్కలు, బీరకాయ చెక్కు, ఆకుకూరల కాడలు పొద్దున వెళితే సాయంత్రానికి పని ముగుస్తుంది. బండికి డీజిలు ఖర్చు లేదు, మనకు ఎదురుచూపు లేదు. అయితే అన్నీ పోయకూడదు. మిగిలిన అన్నం ఎక్కువగా పెడితే ఆవు కడుపులో ఆమ్లం పెరిగి ఉబ్బరం వస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఉల్లి పొట్టు, బూజు పట్టినవి, కారం పులుసులు వద్దు. అన్నిటికంటే ముఖ్యం, బకెట్టులో తీసుకెళ్లి తొట్టిలో వంచాలి. తొక్కల్ని కవరులో వేసి, మూతి ముడి వేసి, గోడ పక్కన పెట్టి ‘ఆవు తింటుందిలే’ అనుకునేవాళ్లను రోజూ చూస్తుంటాం. ఆవుకు ముడి విప్పడం రాదు, కవరుతో సహా మింగుతుంది. అది నాలుగు పొట్టల్లో మొదటిదాంట్లో చేరి అక్కడే ఉండిపోతుంది. ఆ పుణ్యం కంటే బండిలో వేయడం ఎంతో నయం.

ఆవు అందుబాటులో లేకపోతే, మిద్దె మీద నీడ ఉంటే, డ్రమ్ము. చుట్టూ, అడుగున రంధ్రాలు పెట్టిన రెండు డ్రమ్ములు కావాలి. ఒకటి నిండుతుంటే ఇంకొకటి మాగుతుంది. దీని గుట్టంతా ఎండు సరుకులో ఉంది. తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక ముప్పై పాళ్ల కర్బనం కావాలి. తూకాలు అక్కర్లేదు, గిన్నెడు తడికి రెండు గిన్నెల ఎండు సరుకు పైన పరిస్తే చాలు. మన ప్రాంతంలో ఆ సరుకుకు కొదవ లేదు. ఎండాకాలం ముందు వేప, కానుగ ఆకులు వీధినిండా రాలతాయి. వాటిని ఊడ్చి నిప్పు పెట్టే అలవాటు మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు, రెండు గోతాల్లో నింపి పెట్టుకుంటే నెలల తరబడి వస్తాయి. వేరుశనగ పొట్టు ఇంకా మంచిది, గట్టిగా అణిగిపోదు కాబట్టి మధ్యలో గాలి నిలుస్తుంది. చెరకు రసం బండి దగ్గర పిప్పిని ఎండబెట్టి ముక్కలు చేసినా పనికొస్తుంది.

మొదట్లో కాస్త పుల్లటి మజ్జిగో, పేడ నీళ్లో చల్లితే పని అందుకుంటుంది. వారానికి రెండుసార్లు కర్రతో అడుగు నుంచి తిరగేయాలి. చేతిలోకి తీసుకుని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఆకులు తక్కువయ్యాయని, పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలని అర్థం. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఈ రెండోదే. తెల్లటి పురుగులు కనిపిస్తే కంగారు వద్దు, వాటి పని అవి చేసుకుంటాయి, పైన ఆకులు దట్టంగా కప్పితే ఈగలు తగ్గుతాయి. రెండు మూడు నెలలకు మొదటి వాన మట్టి వాసనతో నల్లటి ఎరువు దిగుతుంది. మామిడి టెంకలు మాత్రం అందులో చెక్కుచెదరకుండా ఉంటాయి. తోతాపురి కాలంలో వాటిని అసలు డ్రమ్ములో వేయకపోవడమే మంచిది.

వానపాములు తెచ్చి వేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ముప్పై అయిదు డిగ్రీలు దాటితే అవి బతకడం కష్టం. తిరుపతి మిద్దె మీద వేసవిలో వాటిని కాపాడటం అనేది విడిగా ఒక ఉద్యోగం. ఇంటికో గోబర్ గ్యాస్ మాట కూడా అంతే. ఒక ఘనపు మీటరు గ్యాసుకు రోజూ సుమారు పాతిక కిలోల పేడ కావాలి, వంటింటి చెత్తతోనైనా కిలో సరుకుతో ఇంటి వంటకు సరిపడా గ్యాసు రాదు. హాస్టలుకో, కల్యాణమండపానికో అది సరిపోతుంది.

మరి బండి? దాన్ని చేతకానివాళ్ల దారిగా చూడటం నాకు నచ్చదు. తిరుపతి నగరపాలక సంస్థకు తూకివాకంలో వ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది, అక్కడ తడి చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు పెట్టారు. శివారు పంచాయతీల కిందికి వచ్చే కాలనీల చెత్త, దాన్ని ఎరువుగా మార్చే పంచాయతీ షెడ్లకు, అంటే ‘సంపద తయారీ కేంద్రాల’కు వెళ్లాలి. అన్నం, పులుసు, మాంసం ముక్కలు, చేపల పొలుసు వంటి డ్రమ్ముకు తలనొప్పి తెచ్చే సరుకంతా బండికి ఇవ్వవచ్చు. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండి, ఉద్యోగాలకు పరుగెత్తే ఇంటికి ఇదే మేలు. కాకపోతే షరతు ఒకటే, కలపకూడదు. పాల ప్యాకెట్టు, బ్లేడు, పసిపిల్లల డైపరు కలిసిన తడి చెత్త గ్యాసు ప్లాంటుకూ పనికిరాదు, ఎరువుకూ పనికిరాదు. దిబ్బ మీదికి పోయి మీథేన్ వదులుతుంది. వందేళ్ల లెక్కలో భూమిని వేడెక్కించడంలో మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైమాటే. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైనప్పుడు పట్టణాల్లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు పంచారు. కొన్ని ఇళ్లలో ఆకుపచ్చ డబ్బాలో ఇప్పుడు బియ్యం ఉంటున్నాయి, నీలం దాంట్లో మల్లెచెట్టు పూస్తోంది. ఏ రంగైనా సరే, డబ్బాలు వేర్వేరుగా ఉంటే చాలు.

పూజ పూల సంగతి ఈ ఊళ్లో విడిగా చెప్పుకోవాలి. నిర్మాల్యాన్ని చెత్త బండిలో వేయడానికి చాలామందికి మనసొప్పదు. అందుకని ప్లాస్టిక్ కవరులో కట్టి స్వర్ణముఖిలోనో, చెరువులోనో పడేస్తారు. భక్తి పూలకే, కవరుకు కాదు కదా! తిరుమల తిరుపతి దేవస్థానమే 2021 నుంచి తన ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయిస్తోంది. ఇంట్లో అయితే దారం, జరీ, థర్మకోలు పూసలు తీసేసి, రేకులు విడదీసి డ్రమ్ములోనో పూలకుండీలోనో వేస్తే అవి మళ్లీ మొక్క మొదట్లోకే చేరతాయి. అభ్యంతరం ఉంటే పూలకు విడిగా చిన్న కుండ పెట్టుకోవచ్చు. కొబ్బరి పీచును కత్తిరించి వేస్తే ఎండు సరుకు లెక్కలోకి వస్తుంది, చిప్ప మాత్రం ఏళ్లు పడుతుంది.

పొడి చెత్తలో పోటీ తక్కువ. పేపరు, అట్టలు, ఇనుము, పాల ప్యాకెట్లు పాత సామాన్లవాళ్లకు అమ్మడమే మేలు, డబ్బు చేతికొస్తుంది, సరుకు నేరుగా మళ్లీ వాడుకలోకి పోతుంది. పాల ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క ఊడిపోకుండా అంటుకునే ఉండేలా చీల్చాలి. ఊడిన ముక్కను ఎవరూ ఏరరు, కాలువలోకి పోతుంది. కడిగి, గోడకు ఆనించి ఆరబెట్టినవైతే తీసుకుంటారు, లోపల పాలు పులిసినవి తీసుకోరు. చిప్స్ ప్యాకెట్లు, పగిలిన గాజు ఎవరూ కొనరు కాబట్టి అవి బండికే. గాజు పెంకుల్ని నాలుగు పొరల పేపరులో చుట్టి, పైన తాడు కట్టి, చేతికి ఇచ్చేటప్పుడు ‘గాజు ఉందమ్మా, జాగ్రత్త’ అని చెప్పి ఇవ్వాలి.