ఇంటిగ్రేషన్ టెస్టులకు ఏది మేలు: కంపోజా, టెస్ట్‌కంటైనర్సా?

"అన్నా, డాకర్ కంపోజ్ ఉంది కదా, మళ్లీ టెస్ట్‌కంటైనర్స్ ఎందుకు?" అని మా టీమ్‌లో చిన్నవాడు అడిగాడు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక మేడ గదిలో నలుగురం కూర్చుని ధాన్యం కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం. ఇంటిగ్రేషన్ టెస్టులంటే మన కోడ్‌ను డేటాబేస్ లాంటి వాటితో కలిపి పరీక్షించడం. డాకర్ ఒక్కో ప్రోగ్రామ్‌ను కంటైనర్ అనే విడి డబ్బాలో నడుపుతుంది. అలాంటి కంటైనర్లను ఒక ఫైలు చూసి లేపేది కంపోజ్, టెస్ట్ కోడ్ నుంచే లేపే లైబ్రరీ టెస్ట్‌కంటైనర్స్. అన్ని పద్ధతులూ వాడి చూశాం కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మొదట్లో అందరికీ కలిపి ఒకే టెస్ట్ డేటాబేస్ ఉండేది. సిరిమానోత్సవం ముందు రోజు సాయంత్రం నా టెస్టులు నడుస్తుండగా ఇంకొకరు బిల్లుల టేబుల్ ఖాళీ చేశారు. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని, ఊరంతా పండగ హడావుడిలో ఉంటే రాత్రి ఒంటిగంట దాకా వెతుకుతూ కూర్చున్నాను. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

మెమరీలో నడిచే హెచ్‌2 అనే డేటాబేస్ చిటికెలో లేస్తుంది, నిజమే. కానీ మా అసలు సర్వర్‌లో ఉన్నది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఒక రైతుకి చెల్లించని బిల్లు ఒక్కటే ఉండాలని పెట్టిన పాక్షిక యూనిక్ ఇండెక్స్‌ను (కొన్ని వరుసలకే వర్తించే, నకలు రానివ్వని నియమాన్ని) హెచ్‌2 ఒప్పుకోదు. దాన్ని తీసేసి టెస్ట్ పాసయితే ఏం లాభం?

కాబట్టి పోటీ మిగతా రెండింటి మధ్యే. కంపోజ్‌లో సెట్టింగులు రాసే ఒక యామల్ ఫైలు, ఒక కమాండ్, అంతే. ఏ భాషలో రాసేవాళ్లకైనా పనికొస్తుంది. చిక్కు మాత్రం "సర్వీసు సిద్ధమైందా?" అన్న దగ్గర వస్తుంది. డిపెండ్స్-ఆన్ (ఫలానా సర్వీసు తర్వాతే మొదలవ్వు) అని ఊరికే రాస్తే కంటైనర్ మొదలయ్యే దాకానే ఆగుతుంది. అందుకని పీజీ-ఈజ్‌రెడీ అనే పోస్ట్‌గ్రెస్ కమాండ్‌తో హెల్త్‌చెక్ (సిద్ధమా అని పదేపదే అడిగే పరీక్ష) పెట్టాం. అయినా అప్పుడప్పుడు కనెక్షన్ దొరికేది కాదు. కారణం తెలియడానికి రెండు రోజులు పట్టింది. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ (కంటైనర్‌ను తయారుచేసే అచ్చు) మొదటిసారి లేచినప్పుడు, ఇనిట్ (మొదటి ఏర్పాటు) స్క్రిప్టుల కోసం ముందు ఒక తాత్కాలిక సర్వర్‌ను లేపి, దాన్ని ఆపి, ఆ తర్వాత అసలుది నడుపుతుంది. తాత్కాలికం కంటైనర్ లోపలి సాకెట్ మీదే వింటుంది, నెట్‌వర్క్ మీద కాదు. మా హెల్త్‌చెక్ దానికే "సిద్ధం" అనేసేది. హెల్త్‌చెక్‌లో హోస్ట్‌గా 127.0.0.1 ఇచ్చి, నెట్‌వర్క్ దారిలోనే అడిగేలా చేశాక కుదిరింది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాడే 5432 పోర్టు గొడవ, వాల్యూమ్ (డేటా నిలిచే చోటు) చెరపడం మరిచిపోతే నిన్నటి వరుసలు మిగిలిపోవడం, ఇవి వేరే.

2015లో జావాలో మొదలైన టెస్ట్‌కంటైనర్స్‌లో టెస్ట్ కోడే కంటైనర్‌ను లేపుతుంది. బయట ఖాళీగా ఉన్న ఏదో ఒక పోర్టు ఇస్తుంది. జావా పోస్ట్‌గ్రెస్ మాడ్యూల్ అయితే "సిద్ధం" అన్న లాగ్ రెండోసారి, అంటే అసలు సర్వర్ నుంచి, వచ్చేదాకా ఆగుతుంది. మేం రెండు రోజులు వెతికినది అందులో ముందే ఉంది! టెస్ట్‌ను మధ్యలో చంపేసినా ర్యూక్ అనే చిన్న కంటైనర్ మిగిలినవాటిని తుడిచేస్తుంది.

దీనికీ ఖర్చుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ప్రతి క్లాసుకూ కొత్త కంటైనర్ అంటే నడవదు. అన్ని క్లాసులకూ ఒక్కటే లేపి, టెస్టుకీ టెస్టుకీ మధ్య టేబుళ్లు ఖాళీ చేస్తాం. ఆల్పైన్ అనే లినక్స్ మీద కట్టిన ఇమేజ్ చిన్నది, మా నెట్‌కి హాయి. కానీ అందులో అక్షరక్రమం చూసే సీ లైబ్రరీ వేరు, పేర్ల వరుస మారిపోవచ్చు. మా జాబితాలన్నీ రైతు పేరు మీదే కాబట్టి సర్వర్‌లో ఉన్న ఇమేజే, అదే వెర్షన్‌తో వాడతాం.

నా మాట అడిగితే టెస్టులకు టెస్ట్‌కంటైనర్సే. అప్లికేషన్‌ను చేత్తో నడిపి డేటా చూసుకోవడానికి కంపోజ్ ఫైలు అలాగే ఉంచాం. మొన్న మావాడు ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు బ్రాంచుల టెస్టులు ఒకేసారి నడిపాడు, ఏ పోర్టూ తగువుకి రాలేదు.