ఫార్మసీ పిల్లలకు ‘విదేశీ వైద్య సేవాయాత్ర’: డబ్బు కట్టే ముందు నా కథ చదవండి

మన విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక కరపత్రం తిరుగుతోంది. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒక ముసలమ్మకు బీపీ చూస్తూ ఉంటుంది. కింద ‘కెన్యా మెడికల్ సేవాయాత్ర, కొద్ది సీట్లే ఉన్నాయి’ అని రాసి ఉంటుంది. ఆ అమ్మాయిని నేనే. ఫొటో తీసింది నేపాల్‌లో. కెన్యా నేను మ్యాపులో తప్ప చూడలేదు.

మాది నరసన్నపేట పక్క ఊరు. విజయనగరంలో ఫార్మ్‌డీ (ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) నాలుగో ఏడు చదువుతున్నాను. కేసు వేశాం కాబట్టి ఆ కరపత్రం వేసిన సంస్థ పేరు ఇక్కడ రాయను. దసరా సెలవుల్లో పది రోజులు కెన్యా, రానూపోనూ విమానం, వసతి, భోజనం, ‘120 గంటల ఇంటర్నేషనల్ క్లినికల్ ఎక్స్‌పీరియన్స్’ సర్టిఫికెట్, అన్నీ కలిపి 1,65,000 అన్నారు. “సేవ చెయ్యడానికి మనం డబ్బు కట్టడమేటమ్మా?” అని నాన్న అడిగారు. “నీకు తెలీదు నాన్నా, ఇప్పుడంతా ఇలాగే” అన్నాను. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కట్టాం.

కెన్యా వెళ్లి వచ్చేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా ఇండియాలో దిగితే చిక్కు. అందుకని విశాఖ వెళ్లి టీకా కూడా వేయించుకున్నాం. బయల్దేరడానికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు ఆ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది: కెన్యా వీసాలు ఆలస్యం అవుతున్నాయి, ఈసారికి నేపాల్, డబ్బు మాత్రం అంతే. రసీదులో ‘వీసా ప్రాసెసింగ్ 18,500’ అని ఉంది. నేపాల్‌కి మనకి వీసాయే అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. అదే అడిగితే “అది ఫైలు చార్జీ మేడమ్” అన్నాడు ఆ సంస్థ మనిషి. ఆ టీకా కార్డు మాత్రం జీవితాంతం చెల్లుతుందట. 1,65,000కి నాకు మిగిలిన గట్టి వస్తువు అదొక్కటే.

విమానం ఊసే లేదు. ఫలక్‌నుమాలో స్లీపర్ క్లాసులో హౌరా, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్. సరిహద్దు దాటే ముందు ఒక్కొక్కరి చేతిలో ఒక అట్టపెట్టె పెట్టి, “బట్టల మధ్య సర్దుకోండి, స్టూడెంట్ల బ్యాగులు ఎవరూ విప్పరు” అన్నారు. క్యాంపులో తెరిస్తే నా పెట్టెలో ట్రామడాల్ (మత్తు కలిగించే నొప్పి మాత్రలు) స్ట్రిప్పులున్నాయి. మన దేశంలోనే 2018 నుంచి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద ఉన్న మందు అది. బ్యాగు మీద ఉన్నది నా పేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి: ఇంకొకరి మందుల పెట్టె మీ సంచిలో సరిహద్దు దాటకూడదు.

మన దసరా వాళ్లకి దశైం, ఏడాదిలోకెల్లా పెద్ద పండగ. ఆ వారం అక్కడ ఆఫీసులు, ఆరోగ్య కేంద్రాలు చాలావరకు మూసేస్తారు. తేదీలు పెట్టినవాళ్లకి ఇది తెలీదనుకోవాలా? పైడితల్లి సిరిమాను పండగ వదులుకుని వెళ్లిన నాకు పది రోజుల్లో దొరికిన క్యాంపు రెండు రోజులు, అదీ హెటౌడా దాటాక ఒక కొండ ఊళ్లో, బడి వరండాలో. తక్కిన రోజులు పశుపతినాథ్, పోఖరా, సెల్ఫీలు.

ఆ రెండు రోజుల సంగతి చెప్పాలి. మాలో ఎవరికీ నేపాలీ రాదు. వచ్చిన ఒక్క డాక్టరు మధ్యాహ్నానికే వెళ్లిపోయారు. మందుల్లో సగం మీద ‘ఫిజీషియన్ శాంపిల్, అమ్మకానికి కాదు’ అని ఉంది. చాలావాటికి గడువు రెండు నెలలే. విరాళమిచ్చే మందులకి, దేశంలోకి వచ్చేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఇది మేం పుస్తకంలో చదువుకున్న పాఠమే. కొన్ని స్ట్రిప్పులైతే సగానికి కత్తిరించినవి, బ్యాచ్ నంబరు, తేదీ రెండూ లేవు. చూపిస్తే “ఇదేమన్నా వైవానా మేడమ్, పంచేయండి” అన్నాడు ఆ సంస్థ మనిషి.

ఫొటోలో ఉన్న ముసలమ్మకి పక్క టేబుల్ దగ్గర లోసార్టాన్ అనే బీపీ మాత్రలు ఇచ్చారు. ఆమె నా దగ్గరికొచ్చి, కొంగు ముడి విప్పి, నలిగిపోయిన ఇంకో స్ట్రిప్పు చూపించింది. టెల్మిసార్టాన్. రోజూ వేసుకుంటోందట. రెండూ ఒకే జాతి మందులు, కలిపి వేసుకుంటే బీపీ మరీ పడిపోవచ్చు, పొటాషియం పెరుగుతుంది, కిడ్నీల మీద పడుతుంది. కొత్తది తీసేసుకుని, పాతది చూపించి వేలితో ఒకటి అని సైగ చేశాను. ఆమె తలూపింది. అర్థమై ఊపిందో, మర్యాదకి ఊపిందో! అంతకుముందు నా టేబుల్ నుంచి అలా ఎంతమంది వెళ్లిపోయారో నేను చెప్పలేను.

సర్టిఫికెట్ చూసి మా మేడం నవ్వేశారు. ఫార్మ్‌డీ ఇంటర్న్‌షిప్ ఆరో ఏట గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఏడాదంతా చెయ్యాలి: ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మూడు విభాగాల్లో రెండేసి నెలలు. దీన్ని అందులో కలపరు. (మా మేనత్తది కవిటి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఆ ఉద్దానంలో ఒళ్లు నొప్పులకి షాపులో మాత్రలు అడిగి కొనుక్కునేవాళ్లతో పది రోజులు మాట్లాడినా నా చదువుకి ఇంతకంటే పనికొచ్చేది. బస్సు చార్జీతో పోయేది.)

నిజాయితీగా తీసుకెళ్లేవాళ్లు లేరని నేననను. కానీ అక్కడ మనల్ని పిలుస్తున్న ఆసుపత్రి ఏది, అక్కడి ప్రభుత్వ అనుమతి కాగితం ఏది, మన పని పక్కన నిలబడి చూసే ఫార్మసిస్టు ఎవరు, ఈ మూడూ అడగండి. ఆ ఆసుపత్రికి మీరే నేరుగా మెయిల్ పెట్టండి. “ఈరోజు కడితే ఇరవై వేలు తగ్గింపు” అంటే ఆ పూటకి ఫోన్ పక్కన పెట్టేయండి.

మా డబ్బు ఒక వ్యక్తి సొంత ఖాతాకి యూపీఐలో వెళ్లింది, రసీదులో మాత్రం ‘విరాళం’ అని కొట్టారు. వాపసు అడిగితే విరాళం తిరిగివ్వరండీ అంటారు, అదీ వాళ్ల ఎత్తు. ప్యాకేజీ ధర, రోజువారీ కార్యక్రమం ఉన్న వాళ్ల పాత కరపత్రం నా ఫోన్‌లో ఉండబట్టి సరిపోయింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు.

బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి. కేసులో ఉన్నది నలుగురం. మిగతా పదిమంది మీ రసీదులు ఈరోజే ఫొటో తీసి పెట్టుకోండి. అది బిల్లు మిషన్ కాగితం, నా దాని మీద అక్షరాలు అప్పుడే సగం చెరిగిపోయాయి.