మా ఆటలో మూడేళ్లుగా మోగుతున్న శ్రుతిపెట్టె

మా అక్క పెళ్లయి బళ్లారి వెళ్తూ ఇంట్లో వదిలేసిన సామాన్లలో ఒక పాత ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఉంది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఆన్ చేస్తే పాడేవాళ్లు శ్రుతి పట్టుకోవడానికి సా-పా-సా అని గుమ్మని మోగుతుంది, అంతకుమించి దానికేమీ రాదు. కర్నూల్లో మా మిద్దె మీది గదిలో ఆదివారం రాత్రుళ్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటాం, అంటే ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రయి పాచికలు వేస్తూ ఆడే ఆట. కథ నడిపేది నేను, ఆడేది నలుగురు. మూడేళ్లుగా మా వెనక మోగేది ఈ పెట్టే. ఇలాంటి ఆటకు ఇంతకన్నా మంచి సంగీతం లేదని, యుద్ధాలకైనా ఇదే చాలని, రాత్రంతా మోగనివ్వచ్చని మొదట్లో కనపడినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను గానీ, పెట్టె మీద ప్రేమ మాత్రం తగ్గలేదు.

దీనికి ముందు మేం పడని తిప్పలు లేవు. సినిమాల నేపథ్య సంగీతం పెడితే రెండు క్షణాల్లో ఎవరో ఒకరు సినిమా పేరు చెప్పేస్తారు. ఇక అరగంట ఆ సినిమా ముచ్చటే. మాటలున్న పాటైతే మరీ అన్యాయం, పల్లవి అందుకోకుండా మనవాళ్ల నోరు ఊరుకోదు. ఒకసారి కథలో రాజుగారు చనిపోతే, విషాదంగా ఉంటుందని శుభపంతువరాళి రాగంలో వీణ పెట్టాను. "పెద్దోళ్లు ఎవరన్నా పోతే దూరదర్శన్‌లో వేసేది ఇదే కదన్నా" అన్నాడు మా మేనత్త కొడుకు. రాజుగారి శవం పక్కనే అందరూ పడీపడీ నవ్వారు.

ఈ ఆటల కోసమే చేసిన సంగీతం లేక కాదు. టేబుల్‌టాప్ ఆడియో అనే సైట్‌లో సత్రం, అడవి, ఓడ అంటూ పదేసి నిమిషాల ట్రాకులు ఉచితంగా దొరుకుతాయి, బాగుంటాయి కూడా. చిక్కల్లా యుద్ధంతోనే. నియమాల ప్రకారం ఒక రౌండంటే, అంటే అందరి వంతూ ఒకసారి తిరిగితే, కథలో ఆరు సెకన్లు. బల్ల దగ్గర అదే రౌండు పావుగంట పడుతుంది. ఎవరి వంతు, ఏ మంత్రం, పాచిక మంచం కిందికి పోయింది, మళ్లీ వెయ్యి. యుద్ధానికని మూడు నిమిషాల డప్పుల మోత ఏదైనా పెడితే ఆ పావుగంటలో ఐదుసార్లు తిరుగుతుంది. మూడోసారికే డప్పు ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుంటుందో అందరికీ నోటికొచ్చేస్తుంది. శ్రుతికి ఆ బాధ లేదు. మొదలూ చివరా ఉంటే కదా అతుకు కనపడేది!

పెట్టె మీద శ్రుతి ఎంత ఎత్తులో ఉండాలో చూపే అంకెల్లో ఐదున్నర దగ్గర అక్క గోళ్లరంగుతో పెట్టుకున్న చుక్క ఇంకా అలాగే ఉంది. ఆమె పాడుకునే శ్రుతి అది. మేం ఒకటికి దించి పెడతాం. కొన్నాళ్లు అలా మోగుతుంటే చాలనుకున్నాను. దాని అసలు సత్తా తెలిసింది మాత్రం రెండేళ్ల కిందటి మే నెలలో.

అప్పుడు మా కథ ఒక గుహలో నడుస్తోంది. దాన్ని బెలూం గుహలు చూసి అల్లుకున్నాను. ఆ గుహలు మొత్తం 3,229 మీటర్ల పొడవు. సప్తస్వరాల గుహ అని ఒక చోట పైనుంచి వేలాడే రాళ్లను తడితే మోగుతాయి. అన్నిటికన్నా లోతున, నేల మట్టానికి 46 మీటర్ల కింద, పాతాళగంగ అనే సన్నటి నీటిపాయ భూమిలోకి పోతుంది. మా వాళ్లు ఆ పాతాళగంగ దగ్గరికి దిగాలి. నేను కాగితం మీద రాసుకున్నది ఒక్క ముక్కే: ఖాళీ గది, నీళ్ల చప్పుడు. దయ్యం లేదు, పాము లేదు. ఆ వారం ఆఫీసు పనితో ఇంకేమీ తయారు చేసుకోలేదు, అదీ అసలు కారణం.

రాత్రి తొమ్మిదైనా గోడ మీద చెయ్యి పెట్టలేని ఎండాకాలం. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఫోను టార్చి మీద నీళ్ల బాటిల్ నిలబెట్టి ఆట సాగించాం. పెట్టెలో బ్యాటరీలు ఉన్నాయి కాబట్టి శ్రుతి ఆగలేదు. ఆ బ్యాటరీలు ఎప్పుడు వేశానో నాకే గుర్తులేదు.

వాళ్లు మెట్లు దిగుతున్నారు, నేను ఒక్కో మెట్టూ చెబుతున్నాను. కాసేపటికి జోకులు ఆగిపోయాయి. మా ఆవిడది దొంగ పాత్ర. ప్రపంచం మునిగినా శనక్కాయలు ఒలుస్తూనే ఆడుతుంది. అలాంటిది ఒలవడం ఆపి, "ఏందో భయమైతాంది, వెనక్కి పోదాం" అంది. నాకు ఆశ్చర్యమేసింది, అక్కడ భయపడడానికి నేనేం పెట్టానని? మా మేనత్త కొడుకు చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నాడు. వాడు అప్పటికే పళ్లు బిగబట్టి కూర్చున్నాడు.

"అన్నా, శ్రుతి దిగతాంది. నా వల్ల కాదింక."

అప్పుడు చెవి పెట్టి విన్నాను. బ్యాటరీలు నీరసించే కొద్దీ సా కిందికి జారిపోతోంది, పా దానితో కలవలేక వణుకుతోంది. ఒక్కసారిగా దిగి ఉంటే ఎవరైనా పసిగట్టేవాళ్లు. వెంట్రుకవాసి చొప్పున దిగింది కాబట్టి చెవికి పట్టలేదు, కడుపులో మాత్రం దేవింది. వాళ్లు గుహలోకి ఎంత లోతుకు దిగితే అంత లోతుకు అదీ దిగింది. నేను కావాలని చేసినా ఇంత బాగా కుదిరేది కాదు. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది, శ్రుతి చటుక్కున ఎక్కి ఎక్కడిదక్కడ నిలబడింది. ఎవరో "హమ్మయ్య" అన్నారు, ఫ్యాను తిరిగినందుకో, శ్రుతి కుదిరినందుకో. ఏమీ లేని ఆ గది గురించి మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వారాల తరబడి కూర్చుని నేను రాసిన రాక్షసుడి పేరు మాత్రం ఒక్కరికీ గుర్తులేదు.

ఆ తర్వాత పెట్టె నా ఒడిలోకి, బల్ల కిందికి మారింది. బొటనవేలు శ్రుతిని కొద్దికొద్దిగా మార్చే ఫైన్ ట్యూనింగ్ నాబ్ మీద ఉంటుంది. అర స్వరం దించడానికి ఇరవై నిమిషాలు పట్టాలి, తొందరపడితే అందరూ పెట్టె వైపు చూస్తారు. గుహలోంచి బయటపడి ఊరు చేరగానే పా తీసేసి మా నొక్కుతాను, గాలి మారినట్టుంటుంది. ఇలా మా మోగే మధ్యమ శ్రుతిలో పాడే పున్నాగవరాళి పాములాడించేవాళ్ల రాగమని పేరు కదా, ఒకసారి నాగిని వచ్చినప్పుడు మేనత్త కొడుకు చేత ఆ శ్రుతికి అదే కూనిరాగం తీయించాను. అదొక్కటే వాడు సంతోషంగా ఆడిన ఆట.

ఇక ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. యుద్ధాలకు కూడా శ్రుతి చాలన్నాను, చాలదు. సంగటి తిని కూర్చున్నాక ఆ మోతకు కునుకు పడుతుంది, కత్తి దూసినవాడే ఆవలిస్తాడు. ఇప్పుడు యుద్ధంలో ఏమీ పెట్టడం లేదు, పాచికల చప్పుడే. రాత్రంతా మోగనివ్వచ్చనీ అన్నాను. మాలో ఒకతనికి గంట దాటితే తలలో ఈగ దూరినట్టుంటుందట. అందుకే ఇరవై నిమిషాలకు మించి పెట్టను, అదీ గుహలకు, చీకటి దారులకు. సౌండు ఎంత అంటే, పాచిక బల్ల మీద దొర్లేది వినపడాలి. అంతకు మించితే కింది ఇంటి అవ్వకు వినపడుతుంది. మొదటి ఏడాది ఆమె మేం ప్రతి ఆదివారం భజన చేస్తున్నామనుకుంది. "ప్రసాదం ఒక్కనాడన్నా పంపితిరా నాయనా" అని అడిగితే గానీ మాకు తెలియలేదు.

ఒకతను ఆరు నెలలు హైదరాబాద్‌లో ఉండి వీడియో కాల్‌లో ఆడాడు. అతనికి శ్రుతి వినపడనే లేదు. కాల్‌లోని నాయిస్ సప్రెషన్ ఆగకుండా మోగే మోతను ఫ్యాను రొద కింద లెక్కగట్టి తీసేస్తుంది. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు ఇది వదిలేయడమే మేలు.

పైగా నా కిటుకు మా వాళ్లకు తెలిసిపోయింది. చెయ్యి బల్ల కిందికి పోతే చాలు, "అన్నా, చెయ్యి పైన పెట్టు" అంటాడు మేనత్త కొడుకు. కొత్తవాళ్ల మీద ఇంకా పనిచేస్తుంది. చిన్న గది, ఐదుగురు, అందరూ ఇళ్లలో ఏదో ఒకనాడు ఈ మోత విని పెరిగినవాళ్లు, అందుకే మాకు కుదిరిందేమో. పెద్ద హాల్లో, ఫ్యాన్ల చప్పుడులో ఎలా ఉంటుందో నేను పూచీ పడను. దీని కోసం కొత్త పెట్టె కొనమని మాత్రం ఎవరికీ చెప్పను, ఇంట్లో పాతది ఉంటే దుమ్ము దులిపి చూడండి.

ఇప్పుడు అక్క కూతురు సంగీతంలో చేరింది, పెట్టె పంపమంటున్నారు. ముందుజాగ్రత్తగా ఫోన్‌లో తంబూరా యాప్ వేసుకున్నాను. అర స్వరాన్ని 100 సెంట్లుగా చేసి ఒక్కొక్కటే దించుకోవచ్చు, లెక్క ప్రకారం పెట్టెకన్నా నయం. కానీ స్క్రీన్ చూడకుండా దించలేను, చూస్తే చీకట్లో నా మొహం మీద వెలుగు పడుతుంది, గుట్టు రట్టు. పెట్టె రిపేరుకిచ్చానని అక్కకు చెప్పాను. దసరాకు తనే వచ్చి తీసుకుంటానంది.