పాలియోబయాలజీ డేటాబేస్: సముద్ర శిలాజాల ఉచిత ఖజానా

ప్రపంచవ్యాప్తంగా దొరికిన శిలాజాల వివరాలను ఒకచోట చేర్చిన పాలియోబయాలజీ డేటాబేస్ వెబ్‌సైట్‌లోని 'నావిగేటర్' పటాన్ని చూడడానికి రుసుము లేదు, ఖాతా కూడా అక్కరలేదు. ట్రైలోబైట్ల (ఎప్పుడో అంతరించిన, పెంకు గల సముద్ర జీవుల) శాస్త్రీయ నామం ఇచ్చి, అడుగున ఉన్న భూకాలమానంలో కేంబ్రియన్ యుగాన్ని నొక్కితే పటమంతా చుక్కలతో నిండిపోతుంది; చాలా కాలం తర్వాతి పెర్మియన్‌కు వచ్చేసరికి అవి పలచబడతాయి; దాని వెంటనే వచ్చే ట్రయాసిక్‌లో ఒక్కటీ మిగలదు. 25 కోట్ల ఏళ్ల నాటి మహావినాశనం కళ్లకు కట్టే ఆ క్షణం కోసమైనా దీన్ని విద్యార్థులకు చూపించాలి. చుక్కను నొక్కితే దొరికిన చోటు, శిలాపొర, వయసు, మూల పరిశోధనా పత్రం కనిపిస్తాయి.

అయితే నేటి జీవుల సంరక్షణకు కావలసిన సూక్ష్మమైన కాలవ్యవధిని ఇది ఇవ్వలేదు. మెక్సికోలోని కొలరాడో నది డెల్టాలో శాస్త్రవేత్తలు తీరాన గుట్టలుగా పడి ఉన్న ఆల్చిప్పల వయసు కట్టి, ఆనకట్టలు నీటిని ఆపకముందు చదరపు మీటరుకు సుమారు 50 ఆల్చిప్ప జీవులు ఉండేవనీ, ఇప్పుడు మూడే ఉన్నాయనీ లెక్క తేల్చారు. నదికి ఎంత నీరు వదలాలన్న చర్చకు ఆధారమయ్యేది అలాంటి లెక్కే. లక్షల ఏళ్లను ఒకే గడిలో చూపే పటం నుంచి అది రాదు.

మరొక జాగ్రత్త: ఐరోపా, ఉత్తర అమెరికాల నమోదులు ఎక్కువ కాబట్టి, ఖాళీ కనిపించిన చోట జీవులే లేవని అనుకోకూడదు. రాజమండ్రి దగ్గర దుద్దుకూరు సున్నపురాతిలో సముద్రపు నత్తల శిలాజాలున్నాయని తెలిసిన మనకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.